నివాసమొకచోట, ఓటొకచోట

ఎన్నికలు ముగిసిన మరునాడు మన పత్రికలలో తప్పక కానవచ్చు వ్యాఖ్య యొకటి కలదు: పల్లెలు బారులు తీరి ఓటు వేసినవి, నగరము మాత్రము గడప దాటలేదని. 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభకు జరిగిన ఎన్నికలలో రాష్ట్రమంతటికి సగటున 71 శాతమునకు మించి పోలింగు జరుగగా, నల్లగొండ సీమలోని మునుగోడున అది 91 శాతమును దాటినది. హైదరాబాదు పాతనగరములోని యాకుత్‌పురలో 40 శాతమునైనను అందుకొనలేదు. రాష్ట్రములోకెల్ల అధికముగా 7 లక్షలకు పైబడిన ఓటర్లు గలిగి, సాఫ్ట్‌వేరు కార్యాలయములకు నెలవైన శేరిలింగంపల్లిలో సగముమందియైనను పోలింగు కేంద్రమునకు రాలేదు. చదువుకొన్నవాడు, నెల తిరుగగనే జీతము అందుకొనువాడు, రాజకీయములనుగూర్చి గంటలకొలది వాదింపగలవాడు, సెలవిచ్చిన దినమున ఒక్క అరగంట వెచ్చింపలేకపోయెనని పెద్దలు ఆక్షేపింతురు. ఆక్షేపణ పూర్తిగా అన్యాయమైనది కాదు. కాని అది తేలికగా దొరకు సమాధానము. నగరపు అంచులలో పెరిగిన నివాసప్రాంతములను దగ్గరనుండి చూచినచో, ఓటు తగ్గుటకును, అక్కడి రాజకీయపు మొగ్గు ఎన్నిక కొకవిధముగా మారుటకును మూలకారణము ఒక్కటే యని తోచును. ఆ కారణమును వివరించుటకు కూకట్‌పల్లికంటె తగిన ఉదాహరణము మన తెలుగుదేశములలో దొరకుట కష్టము.

హైదరాబాదునుండి బొంబాయి పోవు రహదారిపై ఒకప్పుడు నగరమునకు దూరముగా నుండిన కూకట్‌పల్లి, మూడు నాలుగు వేర్వేరు కాలములలో మూడు నాలుగు విధముల జనులతో నిండిన స్థలము. మొదట సనత్‌నగరు, బాలానగరు ప్రాంతములలో ఆల్విను, హెచ్.ఎం.టి., ఐ.డి.పి.ఎల్. వంటి కర్మాగారములు వెలసినవి. వానిలో పనికై తెలంగాణపు జిల్లాలనుండియు, కోస్తానుండియు, ఇతర రాష్ట్రములనుండియు కార్మికులు వచ్చిరి. ఆ పిమ్మట గృహనిర్మాణ మండలి కట్టించిన కాలనీ, నేడు కె.పి.హెచ్.బి. యని ప్రసిద్ధమైనది, మధ్యతరగతి ఉద్యోగులకు తక్కువ ధరలో సొంత ఇల్లు అను ఆశను కల్పించినది. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి వచ్చిన కుటుంబములు ఇచట స్థిరపడి దుకాణములు, హోటళ్లు, చిట్టీల వ్యాపారములు, శిక్షణాలయములు నెలకొల్పినవి. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత దేశము నలుమూలలనుండి వచ్చిన యువకులతో ఇచ్చటి హాస్టళ్లు క్రిక్కిరిసినవి. 2007 ఏప్రిలులో కూకట్‌పల్లి పురపాలక సంఘము తక్కిన పదునొకండు పురపాలక సంఘములతోడను, కొన్ని గ్రామ పంచాయతీలతోడను గలిసి గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో లీనమైనది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. పాత గ్రామస్థుడు, కర్మాగారపు కార్మికుడు, సొంత ఇంటి మధ్యతరగతివాడు, అద్దె యింటి ఉద్యోగి, హాస్టలు గదిలోని నిరుద్యోగి, వీరందరు ఒకే పోలింగు కేంద్రపు జాబితాలో పక్కపక్క వరుసలలో నుందురు. అందువలన ఇచ్చటి రాజకీయపు మొగ్గును ఒక్క మాటలో తేల్చుటకు యత్నించిన వారందరు చిక్కులబడిరి.

2008లో నియోజకవర్గముల పునర్విభజన జరుగువరకు, ఈ ప్రాంతము అధికభాగము ఓటర్ల సంఖ్యలో పేరుమోసిన ఖైరతాబాదు నియోజకవర్గములో ఇమిడియుండెను. కూకట్‌పల్లి పేరిట వేరుగా నియోజకవర్గము ఏర్పడిన పిదప 2009లో జరిగిన తొలి ఎన్నికలలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటిలో లోక్‌సత్తాకు లభించిన ఏకైక స్థానము ఇదియే. ఆ పార్టీ అధ్యక్షుడు జయప్రకాశ్ నారాయణ ఇచ్చటినుండి గెలిచెను. డబ్బు పంచక, కులము పేరెత్తక ఎన్నిక గెలువవచ్చునని ఉపనగరపు మధ్యతరగతి నిరూపించినదని ఆనాడు చాలమంది సంబరపడిరి. అయిదేండ్లకు, రాష్ట్ర విభజన వేడి తగ్గకముందే జరిగిన 2014 ఎన్నికలలో, ఇదే నియోజకవర్గము తెలుగుదేశము అభ్యర్థి మాధవరం కృష్ణారావును ఎన్నుకొన్నది. ఆయన తరువాత తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి, 2018లో ఆ పార్టీ పక్షమునను, 2023లో భారత రాష్ట్ర సమితిగా పేరు మారిన అదే పార్టీ పక్షమునను మరల గెలిచెను. పార్టీలు మారినను మనిషి నిలిచెను.

2018 నాటి పోటీ ప్రత్యేకముగా గమనింపదగినది. ఆంధ్రప్రాంతమునుండి వచ్చి స్థిరపడినవారిని రాజకీయ నాయకులు ‘సెటిలర్ల ఓటు’ అని ఒక మూటగా గట్టి లెక్కించుట పరిపాటి. ఆ లెక్క ననుసరించియే కాబోలు, తెలుగుదేశము పార్టీ నందమూరి తారక రామారావు మనుమరాలు, హరికృష్ణ కుమార్తె యగు సుహాసినిని ఇచ్చట నిలిపినది. కాంగ్రెసు మద్దతు నిచ్చినది. అట్టి పేరు, అట్టి కూటమి యుండియు ఆమె నలుబదివేలకు పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయెను. 2023లో భారతీయ జనతా పార్టీతో పొత్తు కుదుర్చుకొని జనసేన ఇచ్చట పోటీచేసినను మూడవ స్థానమునకే పరిమితమైనది. అభిమానము సినిమా హాలులో ఒకవిధముగాను, పోలింగు కేంద్రములో మరొకవిధముగాను వ్యక్తమగునని ఈ రెండు ఫలితములు తెలుపుచున్నవి. పరాయిచోట ఇల్లు కట్టుకొన్న గృహస్థు తన ఆస్తికి, వ్యాపారమునకు, పిల్లల చదువులకు భంగము కలుగకుండుటను ముందుగా కోరును. కావున అధికారములో నున్నవారితోను, పని జరిపించుకొనగల స్థానిక నాయకునితోను సఖ్యము చెడగొట్టుకొనుటకు ఇష్టపడడు. ఇది భీరుత్వమని కొందరనవచ్చును; లోకజ్ఞానమని అతడనుకొనును.

అయితే ఈ లోకజ్ఞానము అన్ని ఎన్నికలకు ఒకే రీతిగా వర్తింపదు. 2016 నగరపాలక ఎన్నికలలో 150 డివిజన్లకుగాను తెలంగాణ రాష్ట్ర సమితి 99 గెలుచుకొనగా, తెలుగుదేశమునకు దక్కిన ఒకే యొక డివిజను కె.పి.హెచ్.బి. కాలనీ. కూకట్‌పల్లి ఒక భాగముగా గల మల్కాజిగిరి లోకసభ స్థానమును జూచినచో విచిత్రము మరింత స్పష్టమగును. ఓటర్ల సంఖ్యలో దేశమునకెల్ల పెద్దదిగా పేరొందిన ఈ స్థానమున 2009లో కాంగ్రెసు, 2014లో తెలుగుదేశము, 2019లో మరల కాంగ్రెసు పక్షమున నేటి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కేవలము పదివేల తొమ్మిదివందల పైచిలుకు ఆధిక్యముతో, 2024లో భారతీయ జనతా పార్టీ పక్షమున ఈటల రాజేందర్ 3 లక్షల 90 వేలను దాటిన ఆధిక్యముతో గెలిచిరి. ఈ చివరి ఫలితమునకు సుమారు ఆరునెలల ముందే, 2023 శాసనసభ ఎన్నికలలో, మల్కాజిగిరి పరిధిలోని ఏడు శాసనసభ స్థానములను, ఒక్కటియు విడువక, భారత రాష్ట్ర సమితి గెలుచుకొని యుండెను; అదే పార్టీ లోకసభ ఎన్నికలలో మూడవ స్థానమునకు జారినది. రాష్ట్రములో కాంగ్రెసు గాలి వీచినపుడు భారత రాష్ట్ర సమితిని, ఆ వెంటనే కేంద్రమునకు వచ్చుసరికి భారతీయ జనతా పార్టీని వరించిన ఈ ఓటరును ఏ పార్టీకి చెందినవాడని చెప్పగలము? అతడు పార్టీని గాక ఎన్నికను చూచి ఓటు వేయుచున్నాడు: కాలనీ పనులకు ఒకరు, రాష్ట్రమునకు ఒకరు, దేశమునకు ఒకరు.

పల్లెలో ఓటు చాలవరకు వంశపారంపర్యము. తాత ఏ జెండా పట్టెనో మనుమడు అదే పట్టుట, లేదా పంతముతో దానికి ఎదురు నిలుచుట, రెండును ఆ ఊరి చరిత్రలోనివే. కాలనీకి అట్టి చరిత్ర లేదు. పొరుగువాని పార్టీ ఏదియో తెలియదు. తెలిసికొనవలయునన్న ఆసక్తియు తక్కువ. మొదట చెప్పిన మూలకారణ మిదియే: కట్టుబాటు లేనిచోట మొగ్గు తేలికగా మారును. ఓటు వేయకున్న అడుగువాడు లేనిచోట ఓటును తేలికగా తప్పును.

ఇక ఓట్ల శాతమును పరిశీలింతము. 2024 మే 13న జరిగిన లోకసభ ఎన్నికలలో తెలంగాణ సగటు 65.67 శాతము కాగా, మల్కాజిగిరిలో 51 శాతమునకు కొంచెము తక్కువగా పోలింగు జరిగినది. భువనగిరిలో 76 శాతమును మించినది. ఈ శాతమన్నది ఒక భిన్నము: పైన ఓటు వేసినవారు, క్రింద జాబితాలో పేరున్నవారు. మనము ఎల్లప్పుడు పైసంఖ్యను జూచి కోపించుచున్నాము గాని, క్రింది సంఖ్య సరియైనదా యని అడుగుట లేదు. అద్దె యిండ్లు అధికముగా గల కాలనీలో ఒక కుటుంబము మూసాపేటనుండి నిజాంపేటకు, అచ్చటినుండి మియాపురమునకు మారుచు పోవును. పేరు మాత్రము మొదటి యింటి చిరునామాలోనే నిలిచియుండును. కొన్నిచోట్ల క్రొత్త యింటిలో మరల పేరు నమోదు చేయించుకొందురు, పాతది తొలగింపబడదు. ఉద్యోగము మారి బెంగుళూరు పోయినవారు, అమెరికాలో స్థిరపడినవారు, మరణించినవారు జాబితాలో ఓటర్లుగానే కొనసాగుచుందురు. ఇట్టి పేర్లు ఎన్ని యుండునో అంతమేరకు, ఎవరును తప్పు చేయకుండగనే, పోలింగు శాతము తగ్గి కనబడును. పల్లెలో ఎవరు చనిపోయిరో, ఎవరు వలస పోయిరో వీధివారందరికి తెలియును గనుక అచ్చటి జాబితా కొంత శుభ్రముగా నుండును. నాలుగువందల ఫ్లాట్లు గల సముదాయమున బూత్ స్థాయి అధికారి ద్వారము కడ కావలివానిని దాటి లోనికి పోవుటయే ఒక సాహసకార్యము.

శాతము తగ్గుటకు రెండవ కారణము జన్మస్థలపు ఆకర్షణ. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఒకడు సాధారణముగా నివసించు చోటనే ఓటరుగా నమోదు కావలయును. ఒక యింటికి యజమాని యగుటచేతనే అచ్చట నివాసి కాడు. ఒకటికంటె ఎక్కువ నియోజకవర్గములలో పేరుండుట నిషిద్ధము. తెలిసి అబద్ధపు ప్రకటన చేసినచో ఒక ఏడాదివరకు శిక్షయు కలదు. చట్టము ఇంత స్పష్టముగా నున్నను, కూకట్‌పల్లిలో ఇరువది యేండ్లుగా కాపురమున్న గృహస్థు ఓటు తెనాలి దగ్గరి పల్లెలోనో, భీమవరములోనో నుండుట అరుదు కాదు. అచ్చట పొలమున్నది, అన్నదమ్ములున్నారు, సర్పంచి పదవికి పోటీచేయు బావమరిది యున్నాడు. ఒక్క ఓటుకు అచ్చట విలువ యున్నది, పిలుపున్నది. 2014లో తెలంగాణమున ఏప్రిలు 30న, తక్కిన ఆంధ్రప్రాంతమున మే 7న పోలింగు జరిగినది. 2019 ఏప్రిలు 11న, 2024 మే 13న రెండు రాష్ట్రములందు ఒకేదినమున జరిగినది. ఆ రెండు పర్యాయములు తెలంగాణమున లోకసభ ఎన్నిక మాత్రమే కాగా, ఆంధ్రప్రదేశమున శాసనసభ ఎన్నికయు తోడై, ప్రభుత్వమే మారనున్నదన్న ఉత్కంఠ యుండెను. పోలింగుకు ముందటి దినములలో కూకట్‌పల్లి, మియాపురముల నుండి విజయవాడవైపు పోవు బస్సులు కిక్కిరిసి, రహదారి టోలుగేటుల కడ వాహనములు బారులు దీరినవి. 2024లో ఆంధ్రప్రదేశము 81 శాతమునకు మించి ఓటు వేసి ఖ్యాతి గడించినది; ఆ కీర్తిలో కొంతభాగము హైదరాబాదు ఉపనగరములకు చెందవలసినది. ఒకచోట అలసుడని నిందింపబడిన మనిషియే, నాలుగువందల కిలోమీటర్లు ప్రయాణించి, మరియొకచోట ఉత్సాహవంతుడగు పౌరుడుగా లెక్కింపబడుచున్నాడు.

ఈ రెండు కారణములతోనే అంతయు తేలినదని చెప్పుట సత్యము కాదు. 2023 నవంబరులో ఆంధ్రప్రదేశమున ఎన్నికలు లేవు. ఊరికి పోవలసిన పని లేదు. అయినను శేరిలింగంపల్లిలో పోలింగు సగము దాటలేదు. ఇక్కడ మూడవ కారణము, అన్నిటికంటె లోతైనది, బయటపడును. కిరాయి యింటివాడు గోడకు మేకు కొట్టుటకు సందేహించునట్లు, ఉపనగరవాసి ఈ స్థలపు వ్యవహారములలో చేయి పెట్టుటకు సంకోచించును. నీరు రాకున్న ట్యాంకరు తెప్పించుకొనును. విద్యుత్తు పోయిన జనరేటరు నడిపించును. రక్షణకు కావలివానిని, చెత్తకు వేరుమనిషిని, చదువునకు ప్రైవేటు పాఠశాలను, వైద్యమునకు కార్పొరేటు ఆసుపత్రిని ఏర్పరచుకొనును. నెలనెల నిర్వహణ రుసుము చెల్లించి ఒక చిన్న ప్రభుత్వమును కొనుక్కొన్నవానికి పెద్ద ప్రభుత్వముతో అవసరము తక్కువగా తోచును. ఎదుటి బస్తీలోని ఇల్లాలికి అట్టి సౌకర్యము లేదు. రేషను కార్డు, పింఛను, ప్రభుత్వాసుపత్రి, వీధికుళాయి, ఇవన్నియు నాయకుని తలుపు తట్టియే సాధింపవలసినవి. కావున ఆమెకు ఓటు చేతిలోని ఆయుధము. పార్టీల కార్యకర్తలును ఇది ఎరిగినవారే. బస్తీలో గడప గడపకు పోయి ఓటరు చీటీ ఇచ్చి, పోలింగు నాడు మధ్యాహ్నము మరల వచ్చి అడుగుదురు. అపార్టుమెంటు ద్వారము కడ కరపత్రముల కట్ట ఉంచి వెనుదిరుగుదురు.

పార్టీలకు ఏ వీధి ఎటు మొగ్గెనో ఎట్లు తెలియునన్న సందేహము పాఠకునకు కలుగవచ్చును. ఓటు రహస్యమే, కాని ఓట్లు లెక్కించిన పిమ్మట నమూనా 20 అను పత్రములో ఒక్కొక్క పోలింగు కేంద్రమున ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడెనో అధికారికముగా ప్రకటింపబడును. ఒక కేంద్రమునకు ఓటర్లు పన్నెండువందలకు మించరాదని ఎన్నికల సంఘము 2025లో నిర్ణయించినది, అంతకుముందు పదునైదువందలు. అనగా నాలుగైదు వీధుల మొగ్గు, ఓటు వేసినవారి సంఖ్య, రెండును బహిరంగ రహస్యములే. కాగితపు ఓట్ల కాలమున అవసరమైనచో పలు కేంద్రముల ఓట్లను కలిపి లెక్కించుటకు నియమములలో వీలుండెను. యంత్రములు వచ్చిన పిదప ఆ చాటు పోయినది. పలు యంత్రముల ఓట్లను కలిపి చూపు టోటలైజరను పరికరమును వాడుదమని 2008లో ఎన్నికల సంఘము ప్రతిపాదింపగా, 2015లో లా కమిషను తన 255వ నివేదికలో బలపరచినది. కేంద్రప్రభుత్వము మాత్రము అంగీకరింపలేదు. దీని ఫలితము సులభగ్రాహ్యము. ఓటు వేసిన వీధిని నాయకుడు, తనకు వేసెనో ఎదిరికి వేసెనో చూచి, బుజ్జగించుటకో దండించుటకో గుర్తుంచుకొనును. ఓటు వేయని వీధిని మరచిపోవును. ఆ మరపు ఎంత ఖరీదైనదో వానాకాలమున సెల్లారులో నీరు నిండినపుడు తెలియును. చెరువు శిఖములో లేఅవుటు వేయుట, నాలాను కుదించుట, నాలుగంతస్తుల అనుమతిపై ఆరంతస్తులు కట్టుట, ఇవి ఏ ట్యాంకరుతోను, ఏ జనరేటరుతోను నివారింపరానివి. నిర్వహణ రుసుము ద్వారముకడనే ఆగిపోవును, వరద ఆగదు.

విషాద మేమనగా, ఈ విషయములు నిర్ణయించు ఎన్నికలోనే ఉపనగరము మిక్కిలి ఉదాసీనముగా నుండుట. గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థకు 2009లో జరిగిన ఎన్నికలలో సుమారు 42 శాతము, 2016లో 45 శాతము, కోవిడు భయము నడుమ మరల కాగితపు ఓట్లతో జరిగిన 2020 ఎన్నికలలో 46 శాతము పైచిలుకు మాత్రమే పోలింగు జరిగినది. పెరుగుదల యున్నది గాని, పదునొకండేండ్లలో నాలుగైదు శాతముల పెరుగుదల గర్వింపదగినది కాదు. ప్రధానమంత్రి ఎవరన్న విషయమై వాదించి రాత్రి తెల్లవార్చు కాలనీలో తన డివిజను కార్పొరేటరు పేరు తెలియనివారే అధికము. దూరమున నున్న ఎన్నికకు ఉత్సాహము, దగ్గరి ఎన్నికకు ఉపేక్ష. పల్లెలో దీనికి సరిగా వ్యతిరేకముగా నుండును.

కావున ఉపనగరపు ఓటు శాతమును పెంచుటకు సినిమా తారలచే విజ్ఞప్తులు చేయించుట, వేలి సిరాచుక్క జూపినవారికి హోటలులో రాయితీ నిచ్చుట వంటి ఉపాయములు కొంత సందడి చేయునేగాని మూలమును తాకవు. ముందు క్రిందిసంఖ్యను సరిచేయవలయును: ఇల్లు మారినవాడు నమూనా 8 నింపి చిరునామా మార్పించుకొనుట గ్యాసు కనెక్షను మార్చుకొన్నంత సహజము కావలయును, 2022నుండి నమోదుకు ఏడాదిలో నాలుగు అర్హతాతేదీలు, జనవరి, ఏప్రిలు, జులై, అక్టోబరు మొదటి దినములు, ఉన్నవి గనుక పదునెనిమిది యేండ్లు నిండిన పిల్లలకు మరుసటి జనవరి వరకు వేచియుండు పని లేదు. కాలనీ సంక్షేమ సంఘములు బూత్ స్థాయి అధికారికి ద్వారము తెరచి, తమ సముదాయపు జాబితాలో ఉన్నవారెవరో, పోయినవారెవరో ఒక పూట కూర్చుండి చూపినచో సగము పని తీరును. ఏ పార్టీకి వేయవలయునో చెప్పుట ఆ సంఘముల పని కాదు. వేయుటకు పేరుండునట్లు చూచుట వాని పనియే.

తక్కినది గృహస్థుడు తనకు తాను తీర్చుకొనవలసిన ప్రశ్న. స్వగ్రామమునందు మమకారము తప్పు కాదు. ఆ మమకారమును ఓటరు జాబితాలో దాచుకొనుట మాత్రము రెండుచోట్లకు నష్టము. అతడు నివసింపని పల్లెకు అతని ఓటు పాలకుని ఎన్నుకొనును. ఆ పాలన ఫలము అనుభవించునది అచ్చట నిత్యము మెలగువారు. అతడు నివసించు కాలనీకి అతని ఓటు లేకపోవుటచే ఇతరులు పాలకుని ఎన్నుకొందురు. ఆ ఫలము అనుభవించునది అతడు, అతని పిల్లలు. ఆ పిల్లలు ఇచ్చటనే పుట్టి, ఇచ్చటి పాఠశాలలో చదివి, ఇచ్చటి తెలుగు మాటాడుచున్నవారు. వారికి వేరొక ఊరు లేదు. పునాదిరాయి పడి అర్ధశతాబ్దము కావచ్చిన ఈ కాలనీలలో ఓటు ఎక్కడ నుండవలయునన్న ప్రశ్నకు తండ్రులు ఇంకను సమాధానము వాయిదా వేయుచున్నను, పదునెనిమిది నిండిన కొడుకులు, కూతుళ్లు ఇచ్చటి చిరునామాతోనే మొదటి దరఖాస్తు నింపుచున్నారు. ఉపనగరమునకు స్థిరమైన మొగ్గు ఏర్పడుటయో, చైతన్యవంతమగు పోలింగు కలుగుటయో జరిగినచో అది వారి చేతులమీదుగనే జరుగవలయును. అంతవరకు శాతములు జూచి నిట్టూర్చుటకంటె, వారి పేర్లు జాబితాకెక్కునట్లు చూచుట పెద్దలకు తగిన పని.